పక్కపక్కన ఉన్న మెటల్ ఆటమ్‌ల మధ్య 'సినర్జీ' అంటే అసలు ఏం జరుగుతుంది, దాన్ని ఎలా చూపించాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నేను అర్థం చేసుకున్నది ఇదీ: నైట్రోజన్ డోప్ చేసిన (కొద్దిగా కలిపిన) కార్బన్ మీద ఐరన్, కోబాల్ట్ రెండూ పెట్టారు, ఫ్యూయల్ సెల్ క్యాథోడ్ రియాక్షన్, అంటే ఆక్సిజన్‌ని నీళ్లుగా మార్చేది, ఆల్కలైన్‌లో టెస్ట్ చేశారు. ఐరన్ ఒక్కటే ఉన్న శాంపిల్ హాఫ్-వేవ్ పొటెన్షియల్ (కరెంట్ గరిష్ఠంలో సగానికి చేరే వోల్టేజ్, ఎంత ఎక్కువైతే అంత మంచిది) 0.84 వోల్ట్, రెండూ ఉన్నదానిది 0.88 వోల్ట్. మైక్రోస్కోప్ ఇమేజ్‌లో చుక్కలు జంటలు జంటలుగా కనపడుతున్నాయి. పేపర్‌లో 'సినర్జిస్టిక్ ఎఫెక్ట్' అని రాస్తే రివ్యూయర్ 'సినర్జీ అంటే ఏంటో చెప్పండి, ఆ రెండు ఆటమ్‌లు పక్కనే ఉన్నందువల్లే ఇది వచ్చిందని చూపించండి' అన్నాడు. మీ గైడ్ గారేమో మూడో మెటల్ కూడా కలిపి చూడమంటున్నారు. ఇంతే కదా.

ముందు ఒక మాట, రివ్యూయర్ మీద కోపం తెచ్చుకోకండి, చాలా మంచి ప్రశ్న వేశాడు. నేను పదిహేనేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, మొదట ప్లాటినం అల్లాయ్‌లు, తర్వాత ఆల్కలైన్ ఎలక్ట్రోలైజర్లు, ఈ మధ్య మీలాగే సింగిల్ ఆటమ్ కెటలిస్ట్‌లు, నా దగ్గరికి రివ్యూకి వచ్చే పేపర్లలో సగంపైన 'సినర్జీ' అనే మాట ఉంటుంది కానీ అది ఏ రకం సినర్జీ అన్నది ఉండదు. పక్క ఆటమ్ సాయం చెయ్యడానికి కనీసం మూడు వేరువేరు దారులున్నాయి, ఒక్కోదానికి రుజువు కూడా వేరు. పైగా పక్కన లేకపోయినా పక్కన ఉన్నట్టు కనిపించే నాలుగో దారి ఒకటుంది, మీ డేటా చూస్తే నాకు మొదట అనుమానం వచ్చింది దాని మీదే. వరసగా చెప్తాను, కాస్త పెద్దదే అవుతుంది.

మొదటిది, పక్క ఆటమ్ రియాక్టెంట్‌ని అసలు తాకదు. దూరంగానే ఉండి మన ఆటమ్ స్వభావాన్ని మారుస్తుంది. దీనికి అన్నిటికంటే బాగా స్టడీ చేసిన ఉదాహరణ ప్లాటినం-నికెల్. ప్లాటినం మీద ఓహెచ్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ ఉన్న ముక్క) అవసరానికి మించి అతుక్కుంటుంది, మించి అంటే ఎక్కువేం కాదు, సుమారు 0.1 ఎలక్ట్రాన్‌వోల్ట్, కానీ ఆ కాస్తకే సైట్లన్నీ ఓహెచ్‌లతో నిండిపోయి కొత్త ఆక్సిజన్‌కి చోటు ఉండదు. 2007లో స్టామెన్‌కోవిచ్, మార్కోవిచ్ వాళ్లు ప్లాటినం మూడు వంతులు, నికెల్ ఒక వంతు ఉన్న సింగిల్ క్రిస్టల్ 111 ఫేస్ తీసుకుని కొలిస్తే అది మామూలు ప్లాటినం 111 కంటే 10 రెట్లు, అప్పటి మంచి ప్లాటినం-కార్బన్ కెటలిస్ట్ కంటే 90 రెట్లు యాక్టివ్‌గా వచ్చింది. ఇందులో గమనించాల్సింది ఏంటంటే పైపొరలో నికెల్ లేదు, మొత్తం ప్లాటినమే, నికెల్ ఎక్కువగా ఉన్నది రెండో పొరలో. అంటే ఆక్సిజన్ నికెల్ ముఖం కూడా చూడలేదు, అయినా పని చేయించింది నికెలే.

ఎలా అంటే, రెండు విధాలుగా. ఒకటి స్ట్రెయిన్. ప్లాటినం క్రిస్టల్ లాటిస్ 3.92 ఆంగ్‌స్ట్రామ్, నికెల్ 3.52, రెండూ కలిసినప్పుడు ప్లాటినం ఆటమ్‌లు కొంచెం దగ్గరికి నొక్కుకుంటాయి. నులక మంచానికి కాళ్లవైపు తాడు బిగిస్తే అల్లిక మొత్తం బిగుసుకున్నట్టు, లోపల ఎక్కడో చిన్న ఆటమ్ ఉంటే పైపొర మొత్తానికీ ఆ బిగువు తగులుతుంది. ఆటమ్‌లు దగ్గరైతే వాటి డి ఆర్బిటాల్స్ (ఎలక్ట్రాన్‌లు ఉండే చోట్లు) ఒకదానిలోకి ఒకటి ఎక్కువ చొచ్చుకుపోతాయి, డి-బ్యాండ్, అంటే అవన్నీ కలిసిన ఎనర్జీ పట్టీ, వెడల్పవుతుంది, ప్లాటినంలాంటి వాటిల్లో ఆ బ్యాండ్ సగానికి మించి నిండి ఉంటుంది, లోపల ఎలక్ట్రాన్‌లు అన్నే ఉండాలి కాబట్టి బ్యాండ్ మధ్య బిందువు కిందికి జారుతుంది, అప్పుడు ఓహెచ్‌తో ఏర్పడే యాంటీబాండింగ్ స్టేట్స్ (నిండితే బాండ్‌ని బలహీనపరిచేవి) కూడా కిందికి వచ్చి ఎలక్ట్రాన్‌లతో నిండుతాయి, బాండ్ వదులవుతుంది. ఇది హామర్, నార్స్కోవ్ 1995 నుంచి చెప్తున్న డి-బ్యాండ్ మోడల్. రెండోది లిగాండ్ ఎఫెక్ట్ అంటాం, నికెల్ డి ఆర్బిటాల్స్ నేరుగా ప్లాటినం వాటితో కలవడం. ఇది చాలా పొట్టిది, రెండు మూడు పొరలు దాటితే పోతుంది, స్ట్రెయిన్ అంతకంటే లోతు నుంచి పనిచేస్తుంది. అందుకే 2010లో స్ట్రాసర్ గ్రూప్ రాగి కడిగేసిన కోర్-షెల్ పార్టికల్స్‌లో ప్లాటినం షెల్ మందంగా ఉన్నా యాక్టివిటీ మిగిలి ఉండటం చూసి అది స్ట్రెయిన్ పనే అని చెప్పగలిగారు. ఈ దారి ల్యాబ్‌లోనే ఆగిపోలేదండీ, 2014లో అమ్మకానికి వచ్చిన టయోటా మిరాయ్ కారు క్యాథోడ్‌లో ఉన్నది ప్లాటినం-కోబాల్ట్ అల్లాయే.

మీ కెటలిస్ట్‌కి ఈ మొదటి దారి ఎంత వర్తిస్తుంది అంటే, స్ట్రెయిన్ అన్న మాట పెద్దగా వర్తించదు, ఎందుకంటే మీ దగ్గర మెటల్ లాటిస్ లేదు, నాలుగు నైట్రోజన్‌ల మధ్య కూర్చున్న ఒంటరి ఐరన్ ఉంది. ఎలక్ట్రాన్‌ల లాగుడు మాత్రం వర్తిస్తుంది, కార్బన్‌లో పరుచుకుని ఉండే π (పై) ఎలక్ట్రాన్‌ల ద్వారా ఒక సైట్ ఇంకో సైట్‌కి తెలుస్తుంది. 2021లో వచ్చిన ఒక పని నాకు చాలా నచ్చింది, ఐరన్-నైట్రోజన్-నాలుగు సైట్ల మధ్య దూరాన్ని మారుస్తూ పోయారు, సుమారు 1.2 నానోమీటర్ కంటే దగ్గరైనప్పుడు ఒక్కో సైట్ యాక్టివిటీ పెరగడం మొదలై 0.7 నానోమీటర్ దాకా పెరిగి, ఇంకా దగ్గరైతే కొంచెం తగ్గింది. చూడండి, అక్కడ రెండో మెటల్ లేదు, రెండు వైపులా ఐరనే, బాండ్ కూడా లేదు, అయినా పొరుగు ఎఫెక్ట్ ఉంది. ఇది మీకు ఎందుకు ముఖ్యమంటే మీరు కోబాల్ట్ కలిపినప్పుడు మొత్తం మెటల్ కూడా పెరిగింది కదా, అంటే సగటు దూరం తగ్గింది కదా, వచ్చిన లాభం కోబాల్ట్‌దా దగ్గరితనానిదా అని రివ్యూయర్ అడిగితే మీ దగ్గర ప్రస్తుతం జవాబు లేదు. దీని లెక్క కింద చెప్తాను.

రెండో దారి, పక్క ఆటమ్ నిజంగా చెయ్యి వేస్తుంది. నవారు మంచం ఒక్కరే ఎత్తి లోపలికి తీసుకెళ్లలేరు, ఒక కొస పట్టుకుని లాగితే వరండా దాకా వస్తుంది, ఇంకొకరు రెండో కొస పట్టుకుంటేనే గడప దాటుతుంది. ఆక్సిజన్ మాలిక్యూల్ కూడా రెండు కొసలున్నదే. ఒంటరి మెటల్ మీద ఒక కొసతో నిలబడితే చాలాసార్లు మధ్య బాండ్ తెగకుండానే రెండు ఎలక్ట్రాన్‌లు తీసుకుని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా వెళ్లిపోతుంది. రెండు కొసలూ రెండు మెటల్స్ పట్టుకుంటే బాండ్ తెగి నాలుగు ఎలక్ట్రాన్‌లతో నీళ్లవుతుంది. దీనికి ఇప్పటి డ్యూయల్ ఆటమ్ పేపర్లకంటే చాలా ముందే, 1980లోనే, కాల్‌మన్, ఆన్సన్ గ్రూపులు అద్భుతమైన రుజువు ఇచ్చాయి, ఈ ఫీల్డ్‌లోకి వచ్చే ప్రతి స్టూడెంట్‌కీ నేను మొదట ఇదే చదవమని చెప్తాను. రెండు కోబాల్ట్ పోర్ఫిరిన్‌లని (నాలుగు నైట్రోజన్‌ల మధ్య మెటల్‌ని పట్టుకునే బల్లపరుపు మాలిక్యూల్స్) ఎదురెదురుగా, రెండు చపాతీలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు, బ్రిడ్జిలతో కట్టారు. ఒంటరి కోబాల్ట్ పోర్ఫిరిన్ ఎక్కువగా పెరాక్సైడే ఇస్తుంది. జంటలో బ్రిడ్జి నాలుగు ఆటమ్‌ల పొడవున్నప్పుడు దాదాపు అంతా నీళ్లుగా మారింది, బ్రిడ్జి పొడవు మారిస్తే ఆ గుణం పోయి మళ్లీ పెరాక్సైడ్. మెటల్ అదే, లిగాండ్ అదే, గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ అదే, మారింది దూరం ఒక్కటే. సినర్జీకి రుజువు అంటే నా దృష్టిలో ఇలా ఉండాలి.

మన ఒంట్లో కూడా ఇదే ఏర్పాటు ఉంది. మనం పీల్చిన ఆక్సిజన్ చివరికి చేరేది సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌కి, అక్కడ హీమ్ ఐరన్‌కి ఎదురుగా సుమారు 5 ఆంగ్‌స్ట్రామ్ దూరంలో ఒక కాపర్ ఉంటుంది, మధ్యలో ఆక్సిజన్. అంటే మెటల్-మెటల్ బాండ్ ఉండాల్సిన పని లేదు, మధ్యలో మాలిక్యూల్ పట్టేంత చోటు ఉండాలి. డ్యూయల్ ఆటమ్ అనగానే అందరూ 2.5 ఆంగ్‌స్ట్రామ్ బాండ్ కోసం వెతుకుతారు, అంత దగ్గరగా ఉంటే ఒక్కోసారి ఓహెచ్ రెండింటికీ అడ్డంగా అతుక్కుపోయి కదలదు కూడా. కదలనప్పుడు ఏమవుతుందంటే ఆ ఓహెచ్ ఇక రియాక్టెంట్ కాదు, అది పర్మనెంట్ లిగాండ్ అయిపోతుంది, దాన్ని మోస్తూనే సైట్ మిగతా పని చేస్తుంది. మీ డీఎఫ్‌టీలో (కంప్యూటర్ మీద వేసే క్వాంటమ్ లెక్కల్లో) ఖాళీ ఐరన్-కోబాల్ట్ సైట్ మీద లెక్కలు వేశారని రాశారు, 0.9 వోల్ట్ దగ్గర ఆ సైట్ ఖాళీగా ఉండే అవకాశం చాలా తక్కువ, ముందు ఏ పొటెన్షియల్‌లో దాని మీద ఏం కూర్చుని ఉంటుందో చూసి అప్పుడు మెకానిజం వెయ్యండి.

ఈ రెండో దారిలోనే ఇంకో రకం, ఇద్దరూ ఒకే మాలిక్యూల్‌ని పట్టుకోరు, చెరొక పని చేస్తారు. 1975లో వతనబె, మోటూ ప్లాటినం-రుథేనియంకి చెప్పిన బైఫంక్షనల్ మెకానిజం ఇది. మిథనాల్ ఆక్సిడేషన్‌లో ప్లాటినం మీద కార్బన్ మోనాక్సైడ్ పేరుకుపోతుంది, దాన్ని తీసెయ్యాలంటే పక్కన ఓహెచ్ కావాలి, ప్లాటినం ఆ ఓహెచ్‌ని నీళ్ల నుంచి తయారుచెయ్యాలంటే ఎక్కువ పొటెన్షియల్ కావాలి, రుథేనియం చాలా తక్కువ దగ్గరే చేసి పెడుతుంది, పక్కకి అందిస్తే కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. ఇంత పాత, ఇంత సింపుల్ సిస్టమ్‌లో కూడా 'ఇది రుథేనియం ఓహెచ్ అందించడం వల్లా, లేక రుథేనియం ప్లాటినం-సీఓ బాండ్‌ని వదులు చెయ్యడం వల్లా' అని దశాబ్దాలు వాదించుకున్నారు, రెండూ ఉన్నాయని తేలింది. అందుకే ఒక్క పోలరైజేషన్ కర్వ్ (వోల్టేజ్‌తో కరెంట్ ఎలా మారుతుందో చూపే గ్రాఫ్) చూసి మెకానిజం రాసేస్తే నాకు మనసొప్పదు.

ఈ బ్రిడ్జి దారి గురించి ఇంత ఉత్సాహం ఎందుకంటే దానికి గట్టి కారణం ఉంది. ఒకే ఆటమ్ మీద ఓహెచ్, ఓఓహెచ్ (రెండు ఆక్సిజన్‌లు, ఒక హైడ్రోజన్ ఉన్న మధ్య దశ) రెండూ ఒకే రకంగా అతుక్కుంటాయి, ఒకదాన్ని వదులు చేస్తే రెండోది కూడా వదులవుతుంది, రెండింటి మధ్య ఎనర్జీ తేడా ఏ మెటల్ తీసుకున్నా సుమారు 3.2 ఎలక్ట్రాన్‌వోల్ట్ దగ్గరే ఉంటుంది. ఐడియల్ కెటలిస్ట్‌కి కావాల్సింది 2.46. ఆ 0.74 తేడాని సగం చేస్తే 0.37 వోల్ట్, ఎంత మంచి మెటల్ తెచ్చినా ఒంటరి సైట్ మీద అంత ఓవర్‌పొటెన్షియల్ (అదనంగా నష్టపోయే వోల్టేజ్) ఇంచుమించుగా తప్పదు అని అర్థం. రెండు కొసలూ పట్టుకుని ఓఓహెచ్ అనే మెట్టే లేకుండా బాండ్ తెంపేస్తే ఈ లెక్క నుంచి బయటపడొచ్చు. అది నిజంగా జరిగితే గొప్ప విషయం, అందుకే జరిగిందని చెప్పేముందు జాగ్రత్తగా ఉండమంటున్నాను.

మూడో దారి గురించి తక్కువే చెప్తాను, మీ కేసుకి దూరం. ఇక్కడ పక్క ఆటమ్ చేసే మేలు ఏమీ చెయ్యకపోవడమే. ప్లాటినంని మెర్క్యురీతో చుట్టుముడితే ప్లాటినం పక్కన ఇంకో ప్లాటినం ఉండదు, ఆక్సిజన్ రెండో కొసకి పట్టు దొరకదు, బాండ్ తెగదు, 2013లో ఈ ప్లాటినం-మెర్క్యురీ కెటలిస్ట్ మీద 96 శాతం వరకు పెరాక్సైడ్ వచ్చింది. పెరాక్సైడే కావాల్సినవాళ్లకి అది వరం. కాపర్ మీద కార్బన్ డయాక్సైడ్ రిడక్షన్‌లో దీనికి తిరగేసిన కథ, ఎథిలీన్ రావాలంటే రెండు సీఓలు పక్కపక్కనే ఉండి కలవాలి, కాపర్ ఆటమ్‌లని దూరం దూరంగా పరిస్తే ఆ కలయిక పోతుంది. పొయ్యికి మూడు రాళ్లు కావాలి, రెండు తీసేస్తే మిగిలింది ఎంత మంచి రాయైనా కుండ నిలబడదు, ఇది ఎలక్ట్రాన్‌ల విషయం కాదు, లెక్క విషయం.

ఇప్పుడు నేను మొదట్లో అన్న నాలుగో దారికి వస్తాను. కోబాల్ట్ సైట్ ఒక చోట ఆక్సిజన్‌ని పెరాక్సైడ్ చేస్తుంది, ఆ పెరాక్సైడ్ కెటలిస్ట్ పొరలో తిరుగుతూ ఎక్కడో వంద నానోమీటర్ల అవతల ఐరన్ సైట్‌ని కలుస్తుంది, అక్కడ నీళ్లవుతుంది. బయట నుంచి చూసే రింగ్-డిస్క్‌కి (బయటికి వచ్చిన పెరాక్సైడ్‌ని చుట్టూ ఉన్న రింగ్‌తో పట్టే ఎలక్ట్రోడ్) ఇది నాలుగు ఎలక్ట్రాన్‌ల రియాక్షన్‌లాగే కనపడుతుంది, రింగ్ కరెంట్ తక్కువ, ఎలక్ట్రాన్ నంబర్ 3.95, అందరూ హ్యాపీ. కానీ ఇందులో పక్కపక్కనే ఉండటం అనేదే లేదు. మీరు ఎలక్ట్రోడ్ మీద 0.6 మిల్లీగ్రామ్ ప్రతి చదరపు సెంటీమీటర్‌కి వేశారు, అంత మందం పొరలో పెరాక్సైడ్ బయటికి రాకుండా లోపలే ఖర్చైపోయే అవకాశం బాగా ఉంది. చెయ్యాల్సింది చాలా తేలిక, అదే ఇంక్‌ని పలచన చేసి 0.1, 0.05 దాకా తగ్గించి రింగ్ కరెంట్ చూడండి. లోడింగ్ తగ్గే కొద్దీ పెరాక్సైడ్ శాతం పెరుగుతుంటే రిలే జరుగుతోందని అర్థం. దీంతోపాటు ఐరన్ ఒక్కటే ఉన్న పౌడర్‌నీ కోబాల్ట్ ఒక్కటే ఉన్న పౌడర్‌నీ కలిపి ఒక ఇంక్ చేసి టెస్ట్ చెయ్యండి, ఆ మిక్స్చర్ కూడా 0.88 దగ్గరికి వస్తే డ్యూయల్ ఆటమ్ కథ అక్కడితో ఆగిపోతుంది. మూడు రోజుల పని, రివ్యూయర్‌కి ఇంతకంటే నమ్మకం కలిగించే ప్రయోగం లేదు.

ఇక మీ ఇమేజ్‌లో జంటల సంగతి. ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం, ఈ లెక్క ఎవరూ ఎందుకు వెయ్యరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మీ మొత్తం మెటల్ సుమారు 1 శాతం బరువు, బీఈటీ ఏరియా (గ్యాస్ అతుక్కోవడం బట్టి కొలిచే ఉపరితలం) గ్రాముకి 600 చదరపు మీటర్లు అన్నారు. ఒక గ్రాములో 0.01 గ్రాము మెటల్, అంటే దగ్గర దగ్గర 1.08 గుణించు 10 పవర్ 20 ఆటమ్‌లు, వీటిని 600 చదరపు మీటర్ల మీద పరిస్తే ప్రతి చదరపు నానోమీటర్‌కి 0.18 ఆటమ్. గుడ్డిగా చల్లినా, ఎవరూ జత కట్టకపోయినా, సగటున అతి దగ్గరి పొరుగు 1.2 నానోమీటర్‌లో ఉంటుంది. ఇంకా చూడండి, 0.5 నానోమీటర్ లోపల ఇంకో ఆటమ్ ఉండే అవకాశం 13 శాతం, పూర్తిగా కాకతాళీయంగా. అది కూడా ఒకే పొర అనుకుంటే. మైక్రోస్కోప్ ఇచ్చేది నీడ లాంటి బొమ్మ, లోతు తెలియదు, మీ కార్బన్ ముక్కలో పది పొరలు ఒకదాని వెనక ఒకటి ఉంటే బొమ్మలో డెన్సిటీ పది రెట్లు, అప్పుడు అదే అవకాశం 76 శాతం. అంటే పది పొరల ముక్కలో నాలుగింట మూడు చుక్కలకి ఊరికే జంట దొరుకుతుంది. మీరు పసుపు రంగు సర్కిళ్లు గీసిన జంటల్లో ఎన్ని నిజమైనవో ఎన్ని ఇలా వచ్చినవో ఇమేజ్ చూసి చెప్పలేం. కాబట్టి అన్ని చుక్కల కోఆర్డినేట్లు తీసి, దగ్గరి పొరుగు దూరాల హిస్టోగ్రామ్ వేసి, అదే సంఖ్యలో రాండమ్‌గా చల్లిన చుక్కల హిస్టోగ్రామ్‌తో పక్కపక్కన పెట్టండి, పైథాన్‌లో ఇరవై లైన్ల కోడ్. మీదాంట్లో 0.25 నుంచి 0.5 మధ్య రాండమ్ కంటే స్పష్టంగా ఎత్తు కనపడితే అప్పుడు ధైర్యంగా జంటలు అనండి. పలచటి అంచుల దగ్గర తీసిన ఇమేజ్‌లే వాడండి.

ఎక్సాఫ్స్‌లో (పక్క ఆటమ్‌ల దూరాలు చెప్పే ఎక్స్-రే పద్ధతి) ఐరన్-కోబాల్ట్ పీక్ చూశామన్నారు. ఆటమిక్ నంబర్ ఐరన్‌కి 26, కోబాల్ట్‌కి 27, ఎలక్ట్రాన్‌ని వెనక్కి తోసే తీరులో ఈ రెండింటికీ దాదాపు తేడా ఉండదు, ఐరన్ పక్కన ఉన్నది ఐరనా కోబాల్టా అన్నది ఫిట్టింగ్ చెప్పలేదు, మీరు ఏది పెడితే అది ఒప్పుకుంటుంది. వేవ్‌లెట్ బొమ్మ వేసినా అంతే. ఆ పీక్ ఉందంటే దాని అర్థం ఏదో ఒక మెటల్ పక్కన ఉంది అని, అది చిన్న క్లస్టర్ కూడా కావచ్చు. ఇండోర్‌లో ఇండస్-2 (ఎక్స్-రేలు ఇచ్చే సింక్రోట్రాన్) దగ్గర చేసుంటే శాంపిల్ ఇంకా మిగిలి ఉంటే కోబాల్ట్ ఎడ్జ్ (కోబాల్ట్ ఎక్స్-రేలని పీల్చుకునే ఎనర్జీ) దగ్గర కూడా కొలవండి, రెండు ఎడ్జ్‌లనీ ఒకే దూరంతో కలిపి ఫిట్ చేస్తే కనీసం ఒకదానికొకటి పొసగుతున్నాయో లేదో తెలుస్తుంది. సింగిల్ ఆటమ్ మీద ఈల్స్ (ఎలక్ట్రాన్ బీమ్ కోల్పోయే ఎనర్జీ బట్టి ఏ మూలకమో చెప్పే పద్ధతి) తీస్తే ఐరన్ 708, కోబాల్ట్ 779 ఎలక్ట్రాన్‌వోల్ట్ దగ్గర విడివిడిగా కనపడతాయి, కానీ బీమ్‌కి ఆటమ్‌లు కదిలిపోతాయి, ఓపిక ఉండాలి. నన్నడిగితే తర్వాతి పనిలో ఐరన్ పక్కన ఇరిడియం లాంటి బరువైన మెటల్ పెట్టి మెకానిజం తేల్చుకోవడం తెలివైన పని, బొమ్మలో ఏది ఏదో చుక్క వెలుగుని బట్టే తెలిసిపోతుంది.

మళ్లీ మీ 40 మిల్లీవోల్ట్‌ల దగ్గరికి, అంటే 0.84కీ 0.88కీ మధ్య తేడా. మీ టాఫెల్ స్లోప్ (కరెంట్ పది రెట్లు కావడానికి కావాల్సిన వోల్టేజ్) డెకేడ్‌కి 60 మిల్లీవోల్ట్ కాబట్టి 40 అంటే కైనెటిక్ కరెంట్ సుమారు నాలుగున్నర రెట్లు. బాగానే ఉంది. కానీ సైట్ల సంఖ్య రెట్టింపైతేనే 18 మిల్లీవోల్ట్ దానంతట అదే వస్తుంది, కోబాల్ట్ ఉప్పు పైరాలిసిస్‌లో (గాలి లేకుండా బాగా కాల్చేటప్పుడు) కార్బన్‌కి రంధ్రాలు చేసి ఏరియా పెంచితే ఇంకొంత. అందుకే మొత్తం మెటల్ సమానంగా ఉన్న ఐరన్-ఐరన్ శాంపిల్ లేకుండా పోలిక పెట్టకండి, ఐసీపీతో (మెటల్ ఎంతుందో కొలిచే ప్లాస్మా పద్ధతి) మెటల్ శాతం, బీఈటీ రెండూ ప్రతి శాంపిల్‌కీ ఇవ్వండి, వీలైతే సైట్లు లెక్కపెట్టండి, 2016లో కుచెర్నాక్ గ్రూప్ ఇచ్చిన నైట్రైట్ స్ట్రిప్పింగ్ పద్ధతి ఐరన్ సైట్లకి మామూలు ల్యాబ్‌లోనే చెయ్యొచ్చు. ఇంకో సంగతి, నాలుగున్నర రెట్లు అంటే రూమ్ టెంపరేచర్ దగ్గర బ్యారియర్‌లో దాదాపు 0.04 ఎలక్ట్రాన్‌వోల్ట్ తేడా. డీఎఫ్‌టీలో సహజంగా ఉండే ఎర్రర్ 0.1 పైమాటే. అంటే మీ క్యాలిక్యులేషన్ ఈ తేడాని 'రుజువు' చెయ్యలేదు, ఏ దిక్కున వెతకాలో చూపించగలదు, పేపర్‌లో ఆ మాటే రాయండి.

ఎలక్ట్రోలైట్ గురించి ఒక హెచ్చరిక, ఇది అనుభవించి చెప్తున్నాను. నేను ఆల్కలైన్‌లో ఆక్సిజన్ ఎవల్యూషన్ చేస్తున్న కొత్తల్లో నికెల్ హైడ్రాక్సైడ్ ఫిల్మ్ రోజురోజుకీ బాగా పనిచేస్తూ పోయింది, ఏజింగ్ వల్ల స్ట్రక్చర్ మారి యాక్టివ్ అవుతోందని మూడు నెలల డేటా పోగేశాను, చివరికి చూస్తే పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉన్న ఐరన్, గాజు సెల్‌ నుంచి దిగిన ఐరన్ ఫిల్మ్‌లోకి చేరుతోంది. నికెల్ పక్కన ఐరన్ చేరితే ఏమవుతుందో 1987లోనే కారిగన్ చూపించాడు, 2014లో బోచర్ గ్రూప్ ఎలక్ట్రోలైట్‌ని శుద్ధి చేసి కొలిచి అసలు ఐరన్ లేని నికెల్ ఎంత నీరసమైన కెటలిస్టో తేల్చారు. అక్కడ కూడా ఇదే పొరుగు కథ, ఐరన్ ఆక్సీహైడ్రాక్సైడ్ ఒక్కటే కరెంట్ సరిగ్గా మోయదు, నికెల్ ఒక్కటే రియాక్షన్ సరిగ్గా చెయ్యదు, నికెల్ లాటిస్‌లో ఇరుక్కున్న ఐరన్‌కి ఆక్సిజన్ బాండ్‌లు పొట్టివై స్వభావం మారుతుంది. అసలు యాక్టివ్ సైట్ ఐరనా నికెలా అని ఇంకా వాదన నడుస్తోంది, నేను ఐరన్ వైపు. మీకు దీనితో పనేంటంటే, మీ 'కోబాల్ట్ ఒక్కటే' శాంపిల్‌లో నిజంగా ఐరన్ లేదని ఐసీపీలో చూశారా? కమర్షియల్ కార్బన్‌లో, పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఐరన్ మామూలే. శుద్ధి చెయ్యడం పెద్ద పని కాదు, స్వచ్ఛమైన నికెల్ హైడ్రాక్సైడ్ తయారుచేసి ఆ ద్రావణంలో బాగా కలిపి రాత్రంతా ఉంచి సెంట్రిఫ్యూజ్ చేస్తే ఐరన్‌ని అదే పీల్చుకుంటుంది. గాజు సెల్ మానేసి టెఫ్లాన్‌దో పాలీప్రొపిలీన్‌దో వాడండి, కౌంటర్ ఎలక్ట్రోడ్‌గా ప్లాటినం బదులు గ్రాఫైట్ రాడ్ పెట్టండి, ప్లాటినం కరిగి వచ్చి మీ ఎలక్ట్రోడ్ మీద కూర్చుంటే అది ఇంకో తలనొప్పి.

చివరిగా మూడో మెటల్ సంగతి. మీ గైడ్ గారితో గౌరవంగానే చెప్పండి, ఇప్పుడు వద్దని. రెండు మెటల్స్‌తో వచ్చే పొరుగు జంటల రకాలు మూడు, ఐరన్-ఐరన్, కోబాల్ట్-కోబాల్ట్, ఐరన్-కోబాల్ట్. మూడు మెటల్స్ అయితే అవి ఆరు అవుతాయి, ఇప్పుడే మూడింటిని విడదీయలేకపోతున్నాం. దాని బదులు ఉన్న ఐరన్-కోబాల్ట్‌నే నిష్పత్తి మార్చకుండా మొత్తం మెటల్ 1 శాతం, 0.5, 0.25, 0.1 అని తగ్గిస్తూ నాలుగు శాంపిల్స్ చెయ్యండి. జంటలు రాండమ్‌గా ఏర్పడినవైతే పలచనయ్యే కొద్దీ ఒక్కో సైట్‌కి వచ్చే యాక్టివిటీ పడిపోతూ ఒంటరి ఐరన్ విలువ దగ్గరికి వస్తుంది. ప్రికర్సర్‌లోనే (కాల్చే ముందు వాడే ముడి పదార్థంలోనే) రెండు మెటల్స్ కట్టి ఉన్న మాలిక్యూల్ వాడి, ఆ జంట పైరాలిసిస్‌లో తెగకుండా నిలబడితే, పలచన చేసినా సైట్‌కి యాక్టివిటీ అలాగే ఉంటుంది. మీరు ఏ ప్రికర్సర్ వాడారో ప్రశ్నలో రాయలేదు, అది చెప్పండి, ఇమేజ్‌లు పెట్టేటప్పుడు కాంట్రాస్ట్ మార్చని అసలు ఫైలే, స్కేల్ బార్‌తో పెట్టండి, దూరాల హిస్టోగ్రామ్ నేను కూడా ఒకసారి వేసి చూస్తాను.